చల్లటి గంజి పూత

మోస్రా, మార్చి 3

ప్రియమైన తమ్ముడు ధనుంజయ్‌కి,

ప్రియమైన అని అలవాటుకొద్దీ రాశాను, పొంగిపోకు. పసుపు కొమ్ములకు గంజినీళ్లతో పూత వేసే పనికి నీ పేరున పేటెంట్ అడిగావట. అది వస్తే మన బాపు నాకిచ్చిన, కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ము నీ అనుమతి లేకుండా తిరగదు. నా దగ్గర పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లు ఇంటిదారి పట్టాలి. చీరకు గంజి పెట్టే ప్రతి ఆడదానికీ తెలిసిన పని మీద నీకు హక్కేమిటి? ఇందులో కొత్తేమీ లేదని పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేశాను.

నీ అక్క,
ఉమారాణి

నిజామాబాద్, మార్చి 9

ప్రియమైన అక్కకు,

ఫోన్లో మాట్లాడొద్దని వకీలు అన్నాడు కాబట్టి రాస్తున్నాను. చీర వేరు, పసుపు వేరు. అందరూ చల్లారిన కొమ్ముల మీద వేడి గంజి పోస్తారు, నెల తిరగకుండా బూజు పడుతుంది. నేను ఎండకు కాగిన కొమ్ముల మీద పులిసిన చల్లటి గంజి చల్లించాను. ఏడాదైనా పూత రాలలేదు, బూజు పట్టలేదు. ఆ రోజు నువ్వేమన్నావో గుర్తుందా? "పిచ్చి లేసిందారా? పసుపంత కరాబైతది!" ఇరవై ఏళ్లు డ్రమ్ము నడిపిన నువ్వే నవ్వితే, అది అందరికీ తెలిసిన పనెలా అవుతుంది? నా జవాబులో ఈ మాటే రాయించాను. నీ నోరే నాకు సాక్ష్యం.

తమ్ముడు,
ధనుంజయ్

మోస్రా, ఏప్రిల్ 27

ధనుంజయ్‌కి,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. నీ మాట అబద్ధమని తేల్చాలనుకున్నాను. వర్ని, బోధన్‌ల నుంచి పూత పని తెలిసిన ఏడుగురిని పిలిపించాను. ఎనిమిదో బుట్ట మిగిలితే మా వసంతమ్మను కూర్చోబెట్టాను. తలా బుట్టెడు పసుపిచ్చి, "బూజు పట్టకుండ పూతెయ్యుండ్రి" అన్నాను. వచ్చిన ఏడుగురూ వేడి గంజే పోశారు. ఏడు కుప్పలూ బూజు పట్టాయి. నువ్వే గెలిచావని అన్నం సహించలేదు.

వసంతమ్మ కుప్ప మాత్రం నిగనిగలాడుతోంది. బాపు కాలం నుంచి మన డ్రమ్ము దగ్గర నీళ్లు చల్లుతున్న మనిషి. ఎక్కడ నేర్చావని అడిగాను.

"ఎవలు నేర్పలే. కట్టెలు దండుగని నిన్నటి గంజి సల్లిన, నిలిచింది. మీ తమ్మునికి సూపెట్టిన, కాయితం మీద రాసుకున్నడు."

మరి నా దగ్గర ఇన్నాళ్లూ వేడి గంజి ఎందుకు పోశావన్నాను.

"నువ్వు గదే పొయ్యమంటివి గదమ్మా. ఎన్నడన్న అడిగినవా?"

సిగ్గుతో చచ్చాను. అది అందరికీ తెలిసిన పని కాదు, ఒప్పుకుంటున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కనిపెట్టింది నువ్వు కాదు. కొత్త అభ్యంతరం వసంతమ్మ సంతకంతో వెళ్తోంది. అందులో నువ్వు దొంగిలించావని రాయించాను, నేను అడగనైనా లేదని కూడా రాయించాను.

ఇట్లు,
వసంతమ్మ తరఫు సాక్షి,
ఉమారాణి