పదిహేడో నంబరు

చెల్లాయికి అన్నయ్య దీవెనలు. ఇక్కడ అమ్మా, మీ వదినా, నేనూ కులాసా. నువ్వూ బావగారూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను.

అమ్మ కంటి ఆపరేషన్ సంగతి అడిగావు. బాగా జరిగింది. కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావురా?" అంది. మీ వదిన ఇంకా నవ్వుతూనే ఉంది.

నువ్వు కట్టిన అణువుల నమూనాలు ఉన్నాయా, చెత్తబుట్ట పాలయ్యాయా అని కూడా అడిగావు. ఉన్నాయి. ప్రయోగశాలలో కిటికీ పక్క అద్దాల బీరువాలో, నువ్వు పేర్చిన వరుసలోనే. కొత్తగా చేరినవాళ్లకి ఇప్పటికీ వాటినే చూపిస్తాను. వజ్రంలోంచి చిన్న ముక్క విరిచి, అంచుల చుట్టూ హైడ్రోజన్ తొడిగితే ఈ అణువులు ఇలాగే ఉంటాయని చెబుతాను. కర్బన పరమాణువులు కలిసి కట్టిన గూడు ఒక్కటైతే రూపం ఒక్కటే. గూళ్లు పెరిగేకొద్దీ, ఏది ఏ పక్కన అతుక్కుందన్నదాన్ని బట్టి రూపాలూ పెరుగుతాయి. వాటికి నంబర్లిచ్చి పట్టికలో కూర్చోబెట్టడం నా పని. కాగితం మీద నేను గీసినదాన్ని పుల్లలతో, పూసలతో నువ్వు కట్టేదానివి. ఆ జిగురు మన ఇంట్లో దువ్వెనకి కూడా అంటుకునేది.

పళ్ల సెట్లు కట్టే మీ దుకాణం బాధ్యత నీకే ఇస్తామన్నారని రాశావు. చాలా సంతోషించాను. వద్దని చెప్పబోతున్నానని కిందే రాశావు. "పదిహేడో నంబరు ఎక్కడ తప్పు కట్టానో ఎనిమిదేళ్లయినా అంతు పట్టలేదు అన్నయ్యా. నా చేతి మీద నాకే నమ్మకం లేదు. ఒక్కో సెట్టూ మూడుసార్లు చూసుకుంటాను" అన్నావు. అమ్మ సంగతీ బీరువా సంగతీ ముందు రాసింది ఈ మాట దగ్గరికి రావడానికి భయపడే.

నువ్వు తప్పు కట్టలేదు.

ఆరు గూళ్లవాటిలో పదిహేడోదానికి నువ్వు రెండు నమూనాలు తెచ్చావు. ఒకటి ఎడమకి మెలిక తిరిగింది, ఇంకొకటి కుడికి. రెండూ ఒకటేనని నేను కసిరాను. "ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని నడిచి చూడు, తెలుస్తుంది" అన్నావు. నేను నవ్వేసి, రెండోదాన్ని సొరుగులో పడేసి, పట్టికలో ఒక్కటే రాశాను. అచ్చయ్యాక వేరే ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది, మీ లెక్కలో ఒకటి తగ్గిందని. తప్పు ఎవరిదని డైరెక్టరుగారు ఇంకా అడగనేలేదు, "మా చెల్లెలు రెండూ ఒకే వైపు తిప్పి కట్టిందండీ" అనేశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నాలుగో రోజున నీ ఉద్యోగం పోయింది. ఆ రెండోదాన్ని ఒక్కసారి చూపించమని నువ్వు అడిగితే పారేశానన్నాను. సొరుగు తాళంచెవి అప్పుడు నా జేబులోనే ఉంది. పైగా, అందరూ పొరబడతారులే అని నిన్ను ఓదార్చాను కూడా. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నీ ఉత్తరం అందిన మర్నాడే ఆ సొరుగు తీశాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్ని రకాలుగా తిప్పినా ఒకదాని మీద ఒకటి కుదరలేదు. డైరెక్టరుగారి బల్ల మీద రెండూ పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "ఇది ముందు నాకా చెప్పేది? మీ చెల్లెలికి చెప్పావా?" అన్నారు. పట్టిక పని నా చేతిలోంచి తీసేశారు.

సొరుగులోదాన్ని ఈ ఉత్తరంతోపాటు పార్శిలు చేస్తున్నాను. ఎనిమిదేళ్లయినా ఒక్క అతుకూ ఊడలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్కసారే చూసుకో. మూడుసార్లు అక్కర్లేదు. తర్వాత దుకాణం వాళ్లకి జవాబు చెప్పు. నాకు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

ఇట్లు,
పదిహేడో నంబరు తప్పు చేసిన
నీ అన్నయ్య