లైన్లో పెట్టిన సంచి

తమ్ముడు లక్ష్మయ్యకు,

తార్నాకలో నా కొడుకు నరహరి దగ్గర బాగానే ఉన్నాను. ఫోన్‌లో నీకు సరిగా వినబడదని కార్డు రాస్తున్నాను. నన్నెవరూ పట్టుకుపోలేదు, విమానమే వెళ్లిపోయింది.

ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టులు చూసే లైను రెండు గంటలైనా సగం కూడా కదలలేదు. మోకాళ్లు గుంజుతుంటే, మనం యూరియా లైన్లో చెప్పులు పెట్టినట్టే నా జాగాలో సంచి పెట్టి, పోయి కుర్చీలో కూర్చున్నాను. కన్నంటుకుంది. లేచేసరికి జనమంతా దూరం జరిగారు, సంచి చుట్టూ పోలీసులు, ఒక కుక్క.

"ఎవరిదమ్మా గీ సంచి?" అని అరిచాడొకాయన.

"నాదే సారూ, నా నంబరుకు పెట్టిన," అన్నాను.

సకినాల డబ్బా దాకా అన్నీ విప్పి చూసి నన్ను వదిలేసరికి విమానం లేచింది.

మస్కట్‌లో బిడ్డ కాన్పుకు ఇంకా పది రోజులున్నాయి. బేస్తవారానికి మళ్లీ టికెట్ తీశాం. చక్రాల కుర్చీ అడగమంటాడు నరహరి. నేనేమన్నా మంచంల పడ్డనా? యూనివర్సిటీ బస్టాపులో రోజూ పొద్దున గంటసేపు నిలబడి అలవాటు చేసుకుంటున్నాను.

బర్రె ఈనిందా? మరదలికి, పిల్లలకు నా దీవెనలు. సొసైటీకి యూరియా వస్తే నా పాత చెప్పులు కూడా లైన్లో పెట్టు. అక్కడ వాటిని చూసి ఎవరూ ఉరకరు.

నీ అక్క,
భారతమ్మ