బాపు పేరు ముందు మాట

మొయినాబాద్

కాకా, దండాలు.

చెల్లె మేఘ పెళ్లి కార్డులు అందాయి. కానీ బాపు పేరు ముందు ‘లేట్’ అని ఎందుకు వేయించావు? బాపు కొండకల్ పోయొస్తానని వెళ్లి నాలుగేళ్లయింది, తిరిగి రాలేదు. అంతకు మించి మనకేమీ తెలియదు. పోలీసులు కూడా ‘కనబడుట లేదు’ అనే రాసుకున్నారు.

పెళ్లివారు గుచ్చి గుచ్చి అడగకూడదనే వేయించి ఉంటావు. కానీ బస్సు లేటంటే మనం స్టాపులోనే నిలబడతాం. మనిషి పేరు ముందు అదే మాట పడితే ఇక ఎవరూ ఎదురుచూడరు.

నిన్న పసుపు దంచుతుంటే, కార్డు చూసిన కనకమామిడి అత్త అమ్మ చేతిలోని రోకలి తీసుకుంది. “నువ్వు పక్కకుండు వదినె, ముత్తయిదువలు దంచుతరు” అన్నది. అమ్మ లేచి పక్కకు జరిగింది. అందరూ వెళ్లాక నన్ను అడిగింది: “మీ బాపు పోయిండని మీ కాకకు ఎవలు చెప్పిండ్రు బిడ్డా?”

కార్డులు మళ్లీ వేయించు కాకా. అంతకన్నా ముందు ఒకసారి ఇంటికి రా. ఈ పొద్దున అమ్మ కుంకుమ వేలికద్దుకొని, నుదుటి దాకా తెచ్చి ఆగిపోయింది. “పెట్టుకోవాల్నా?” అని నన్ను అడిగింది.

నీ అన్న పెద్దబిడ్డ