చేతిలో పిట్ట, కృష్ణలో ఫోను

చెవిటికల్లు, శుక్రవారం

అమ్మా, నేను క్షేమంగానే ఉన్నాను. నా ఫోను మోగడం లేదని కంగారు పడకండి. అది కృష్ణలో పడిపోయింది.

నిన్న పొద్దున ఏటి ఒడ్డున రెల్లులో రింగులు వెయ్యడానికని మేం కట్టిన వల నుంచి ఒక పిట్టను విడిపిస్తున్నాను. నా బొటనవేలంత ఉంటుంది. చలికాలమంతా ఇక్కడ గడిపి, ఎండలు ముదరగానే హిమాలయాలు దాటిపోయే రకం. సరిగ్గా అప్పుడే నువ్వు ఫోన్ చేశావు. నాన్న కంటి ఆపరేషన్ సంగతేమోనని ఆత్రంగా రెండో చేత్తో జేబులోంచి తీశాను. జారి నీళ్లలో పడింది. గభాలున వంగితే అందేదే. కానీ గుప్పిట్లో పిట్ట గుండె దడదడలాడుతోంది, కాస్త బిగిసినా చచ్చిపోతుంది. కదలకుండా నిలబడిపోయాను. తర్వాత, మళ్లీ ఎక్కడ దొరికినా గుర్తుపట్టేలా దాని కాలికి నంబరున్న రింగు తొడిగి వదిలితే నందిగామ వైపు ఎగిరిపోయింది. ఆ మాట చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. నాతో పనిచేసేవాళ్లు ఈస్టరుకి ఇళ్లకు వెళ్లారు.

నేనుంటున్న ఇంటి ఓనరు వైదేహిగారు విని, "పిట్ట కోసం ఫోను వదిలేశావా తల్లీ! పోన్లే, అదన్నా ఇంటికి చేరుద్ది" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ ఫోను ఇస్తానన్నారు గానీ మీ నంబరు నోటికి రాదు. ఖరగ్‌పూర్ క్వార్టర్ అడ్రసు మాత్రం చిన్నప్పుడే కంఠతా వచ్చేసింది.

నాన్నకు కట్టు విప్పారా? చుక్కల మందు నువ్వే వెయ్యి, ఆయన వేసుకోరు. నా పాత ఫోను బీరువాలో ఉంటే పార్సిల్ చెయ్యి. దేవుడు మీ ఇద్దరికీ తోడుండాలి. వైదేహిగారి నంబరు కవరు మీద నా అడ్రసు పక్కన రాశాను. ఏ సాయంత్రమైనా చెయ్యండి, పొద్దుగూకేవేళ రోజూ వాళ్ల అరుగు మీదే కూర్చుని ఉంటాను.

నీ కృపాజ్యోతి