ఫోటో: డాక్టర్ హైమ

మార్చి 4, సోమవారం

జర్నల్ వచ్చింది. కవర్ మీద నేను తీసిన ఫోటో. లోపల చిన్న అక్షరాల్లో విశ్వనాథ్ గారి పేరు. ఆయన మా ల్యాబ్ డైరెక్టర్. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఆన్ చేయడం కూడా రాదు ఆయనకి. రొయ్య మొప్ప ముక్కని రెసిన్‌లో గట్టిపరిచి, డైమండ్ నైఫ్‌తో పొరలు కోసి, నీళ్ల మీద తేలే ఆ పొరని ఊపిరి బిగబట్టి రాగి గ్రిడ్ మీదికి ఎత్తేది నేను. ఆ చీకటి గదిలో కళ్లు పోగొట్టుకునేది నేను. పేరు ఆయనది. కాకినాడలో నాకు ఇలాంటి ఉద్యోగం ఇంకోటి దొరకదని ఆయనకి బాగా తెలుసు.

స్వీట్లు పంచారు. తిన్నాను కూడా. సిగ్గు లేదు నాకు.

ఇంటికొస్తే మా అత్తగారు అన్నపూర్ణమ్మ గారు ఎప్పటిలాగే గుమ్మంలోనే ఆపేశారు. మాది నీచు ముట్టని ఇల్లు. రొయ్యలు కోసిన చేతులతో వంటింట్లోకి రాకమ్మా, ముందు స్నానం చేసి రా అన్నారు. ఇంత చదువూ చదివింది రొయ్యలకి వైద్యం చేయడానికా అని ఆవిడకి ఇప్పటికీ అనుమానమే. ఇవాళ నాకూ వచ్చింది ఆ అనుమానం.

మార్చి 12

బుల్లియ్య గారని ముమ్మిడివరం దగ్గర రైతు, ఐస్ బాక్సులో చచ్చిన రొయ్యలు పట్టుకొచ్చారు. రెండు చెరువులూ పోయాయట. నీళ్లకి గాలి అందేలా ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయండి మేడమ్ గారూ, మేత తగ్గించానండి, అయినా అన్నీ గట్టుకొచ్చేశాయండి అంటున్నారు. పెంకు మీద తెల్ల మచ్చలు ఉత్త కంటికే కనిపిస్తున్నాయి. వైట్ స్పాట్, వైరస్ అన్నాను. అదేనండి, అమ్మవారు పోసేసిందండి అన్నారు.

చెరువులో వేసిన రొయ్య పిల్లలు, ఆ సీడ్ ఎక్కడిది అని అడిగాను. యుగంధర్ గారి హేచరీదట. యుగంధర్ గారు మా చైర్మన్. మా ల్యాబ్ నడిచేదే ఆ హేచరీ మీద. వారం ఆగి రిజల్ట్‌కి రండి అన్నాను.

అదే బ్యాచ్ సీడ్ మా దగ్గర పాడవకుండా ఫిక్సేటివ్‌లో వేసి ఉంది. హేచరీ నుంచి నేరుగా వచ్చింది, ఏ చెరువు నీళ్లూ తగల్లేదు దానికి. రేపటి నుంచి అది కోస్తాను. ఎవరికీ చెప్పను.

మార్చి 19, సాయంత్రం నాలుగు

దొరికింది.

కణం మధ్యలో న్యూక్లియస్ ఉబ్బిపోయి ఉంది. లోపలంతా వైరస్‌లే. పెట్టెలో సర్దిన అగ్గిపుల్లల్లా వరసలు. ఒక్క మడత లేదు, ఒక్క మరక లేదు. ఇంత మంచి ఫోటో నేను ఎప్పుడూ తీయలేదు.

అసిస్టెంటు టీ తెచ్చి పెట్టి వెళ్లాక గుర్తొచ్చింది, ఇది బుల్లియ్య గారి రొయ్య కాదు. హేచరీ సీడ్. జబ్బు ఆయన చెరువులో పుట్టలేదు. యుగంధర్ గారి ట్యాంకులోంచే కవర్లో కట్టి పంపారు. ముందు అందం చూసి, తర్వాత ఈ సంగతి చూశాను. ఆ వరస నాకే నచ్చలేదు.

మార్చి 20

బుల్లియ్య గారు రిజల్ట్ కోసం వచ్చారు. ఉండబట్టలేక స్క్రీన్ మీద ఫోటో చూపించాను. ఆయన మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లి, చెప్పులు విప్పి వచ్చి, స్క్రీన్‌కి దణ్ణం పెట్టారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. అమ్మవారు ఇలా నలుపూ తెలుపుల్లో ఉన్నారేంటండీ, పసుపూ కుంకుమా లేకుండా అన్నారు. ఎలక్ట్రాన్‌లకి రంగులుండవని చెప్పాను. ఇంతకీ ఎవరు తీశారండీ అన్నారు. నేనే అన్నాను. మీరేనాండీ అని ఆయన నన్ను చూసిన చూపు ఈ ల్యాబ్‌లో ఒక్కరూ చూడలేదు.

ఎక్కణ్ణుంచి వచ్చిందండీ ఇది అని కూడా అడిగారు. రిపోర్ట్ రానివ్వండి అన్నాను.

ఆయన వెళ్లాక కంప్యూటర్లో రంగులేశాను. వైరస్‌లకి పసుపు. చుట్టూ ఎరుపు. నిజంగానే బాగుంది.

ఏప్రిల్ 2

విశ్వనాథ్ గారికి రిపోర్ట్ ఇచ్చాను. ఆ బ్యాచ్ ఆపాలి, తల్లి రొయ్యల్ని మార్చాలి, కొన్న రైతులకి చెప్పాలి అని రాశాను. చదివి డ్రాయర్లో పెట్టేశారు. పీసీఆర్ టెస్టు నెగటివ్ వచ్చింది కదమ్మా అన్నారు. దానికి పంపింది వేరే ట్యాంకు సీడ్ అన్నాను. ఒక్క ఫోటో చూసి హేచరీ మూయించేస్తామా, సీజన్ అవనీ చూద్దాం అన్నారు.

తర్వాత రంగుల ఫోటో చూశారు. చాలాసేపు చూశారు. ఇది మాత్రం నీ పేరు మీదే బయటికి వెళ్తుంది హైమా, నాది కలపను అన్నారు. రైతులకి అవగాహన కోసం పోస్టర్ వేయిస్తారట. పోస్టర్ వస్తే సంగతి ఎలాగూ బయటపడుతుంది కదా అనుకున్నాను.

ఏప్రిల్ 3

నోరు మూసుకోమని ఆయన అనలేదు. నేనే మూసుకున్నాను.

మే 27

బుల్లియ్య గారు ఫోన్ చేశారు. చెరువులు ఎండబెట్టి సున్నం జల్లించారట. ఈసారి ఏ సీడ్ వెయ్యమంటారండీ, మీరు చెప్పిందే వేస్తానండి అన్నారు. డైరెక్టర్ గారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. మళ్లీ చేస్తానన్నాను.

చేయలేదు.

జూలై 14, ఆదివారం

అత్తగారు పెద్దాపురం మరిడమ్మ జాతరకి వెళ్లి వచ్చారు. బస్సు దిగిన దగ్గర్నుంచి ఒకటే సంబరం. గుడి దారంతా నా పేరేనట. కొత్త చీరంత ఫ్లెక్సీలట. పక్కింటి మాణిక్యాంబ గారితో ఫోన్లో ఫోటో తీయించి మరీ తెచ్చారు.

పైన, జాతరకి వచ్చే భక్తులకు స్వాగతం. పక్కన దణ్ణం పెడుతూ యుగంధర్ గారు. మధ్యలో నా ఫోటో, పసుపూ ఎరుపూ. దాని కింద, ఈ మహమ్మారి మా సీడ్‌లో ఉండదు. ఆ కింద, ఫోటో: డాక్టర్ హైమ.

వాళ్ల సీడ్‌లోంచి తీసిన ఫోటో అది.

సున్నుండలు చేసి పెట్టారు అత్తగారు. ముట్టలేదు నేను.

జూలై 15

విశ్వనాథ్ గారి గదిలో అరిచాను. ఆయన అరవలేదు. నీకు పేరు కావాలి కదా, వేశాం, నా పేరు ఏనాడూ అంత పెద్ద అక్షరాల్లో పడలేదమ్మా అన్నారు. అది మన సీడ్ అండీ అన్నాను. అది ఎవరికి తెలుసు, నీకూ నాకూ తప్ప అన్నారు.

నిజంగానే ఎవరికీ తెలియదు. మైక్రోమీటరులో వందోవంతు తేడా చెప్పగలను కానీ, ఆ ఫోటో చూసి అది ఎవరి ట్యాంకుదో నేను కూడా చెప్పలేను. చెప్పాల్సింది నా నోరు ఒక్కటే.

జూలై 18

బుల్లియ్య గారు చక్కెరకేళి అరటి గెల భుజాన పెట్టుకుని వచ్చారు. జాతరలో ఫ్లెక్సీ చూశారట. చూడగానే గుర్తుపట్టానండి, మీరు అమ్మవారికి పసుపూ కుంకుమా పెట్టేశారండి అన్నారు. మేడమ్ గారు ఫోన్ చేయకపోతేనేం, పేరేసి మరీ చెప్పారు కదా అని మర్నాడే వెళ్లి రెండు చెరువులకీ యుగంధర్ గారి సీడే తెచ్చి వేసేశారట. మా ఊళ్లో ఇంకో నలుగురికి కూడా చెప్పానండి అన్నారు.

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ముఖం చూసి మూసేశాను. బ్యాచ్ వేరు కదా, ఏమీ కాకపోవచ్చు అనుకున్నాను. తల్లి రొయ్యలు అవేనని తెలిసి కూడా అనుకున్నాను. నీళ్లు చూసుకుంటూ ఉండండి అని ఒక పనికిమాలిన సలహా ఇచ్చి పంపేశాను.

జూలై 19

అత్తగారు ఇవాళ గుమ్మంలో ఆపలేదు.

ఆగస్టు 21

బుల్లియ్య గారు వచ్చారు. అదే ఐస్ బాక్సు. మూత తీయనివ్వలేదు నేను.

ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అని మళ్లీ అడిగారు. చెప్పాను. మార్చి నుంచీ తెలుసని కూడా చెప్పాను.

గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు విప్పి, వెనక్కి వచ్చి, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.