పెన్సిల్ సార్

సెప్టెంబర్ 14, ఆదివారం

ఆన్‌లైన్లో ఉచితంగా పాఠాలు చెప్పే సైట్‌లో నాకు పేరు దొరికింది. పెన్సిల్. అసలు పేర్లు వాడకూడదట, ఫొటో పెట్టకూడదట, గొంతు కూడా వినిపించకూడదట. టైప్ చేయడం, తెల్ల బోర్డు మీద గీయడం, అంతే. జీతం లేదు. మా ఆయన విని, ఇంట్లో కరెంటు బిల్లు కూడడానికి బద్ధకం, ఊళ్ళోవాళ్ళ లెక్కలైతే కావాలి అని నవ్వారు.

నాన్న ఉంటే నవ్వేవాడు కాదు. పోస్టాఫీసులో ఉత్తరాలు సార్ట్ చేసి వచ్చి, చేతులు కడుక్కుని, మా బిల్డింగ్ మెట్ల మీద కూర్చునేవాడు. అన్ని అంతస్తుల పిల్లలమూ పుస్తకాలతో దిగేవాళ్ళం. లెక్క ఒప్పయితే ఒక మెట్టు పైకి. తప్పయితే కిందికి దింపేవాడు కాదు, అక్కడే కూర్చుని మళ్ళీ చెయ్యమనేవాడు. మెట్లకి ఫినాయిల్ వాసన, నాన్న వేళ్ళకి జిగురు వాసన. ఆ రెండూ కలిసి ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ భిన్నాలు గుర్తొస్తాయి. ఇవాళ ఎందుకో నాన్న మీద చాలా బెంగగా ఉంది.

భోజనాల దగ్గర సైట్ గురించి గొప్పలు పోయాను. పెద్దవాళ్ళు కూడా చేరి ప్రైవేటుగా పదో తరగతి కట్టొచ్చని, ఎవరు ఎవరో ఎవరికీ తెలియదని చెప్పాను. అత్తయ్య చారు గిన్నె జరిపారు.

సెప్టెంబర్ 21

మొదటి స్టూడెంట్. ఆవిడ పేరు చివరి బెంచి. పెద్దవాళ్ళ లెక్కల విభాగంలో మన భాషలో చెప్పేది నేనొక్కదాన్నే అట, అందుకే నా పాలబడింది. శని, ఆదివారాల మధ్యాహ్నాలే కుదురుతుందంది. నాకూ అప్పుడే ఖాళీ. మా ఇంట్లో ఆ వేళ ఆయన నిద్ర, అత్తయ్య తన గదిలో తలుపు వేసుకుని రెస్టు.

కామా పెట్టదు, ఫుల్‌స్టాప్ పెట్టదు. వాక్యం చివర సార్ ఉంటే వాక్యం అయిపోయినట్టు. నేను సార్‌ని కాదని చెప్పే సందు దొరకలేదు. దొరికినా చెప్పేదాన్ని కాదేమో. నీళ్ళు పరీక్షించే ల్యాబులో సీసాలకి లేబుళ్ళు అంటించే నన్ను ఇంతవరకూ ఎవరూ సార్ అనలేదు.

సెప్టెంబర్ 28

వర్గ సమీకరణం సగంలో ఉండగా కబుర్లలో పడింది. వాళ్ళ స్కూల్లో చివరి బెంచి కిటికీ పక్కన ఉండేదట. కింద సైకిళ్ళు బాగుచేసే షాపు. ఏ బెల్లు ఎవరి సైకిల్‌దో చూడకుండా చెప్పేదట. లెక్కల మాస్టారు ఆవులిస్తే క్లాసంతా ఆవులించేదట, ఆయన కోపంతో మళ్ళీ ఆవులించేవాడట. స్నేహితురాలు, తను ఒకే రిబ్బన్‌ని రెండు ముక్కలు చేసి కట్టుకునేవాళ్ళట.

టైం అవుతోందని ఆపాల్సింది. ఆపలేదు. మా మెట్లు, ఆవిడ కిటికీ, రెండూ ఒకే ఊళ్ళో ఉన్నట్టు అనిపించింది.

అక్టోబర్ 5

ఇవాళ నా ఓపిక పరీక్ష. ఒక తల్లి, ఆమె నలుగురు పిల్లలు, అరవై బిస్కెట్లు సమానంగా పంచుకున్నారు, ఒక్కొక్కరికి ఎన్ని అని ఇచ్చాను. వార్మప్ అన్నమాట. పదిహేను సార్ అంది. మళ్ళీ చదవమన్నాను. చదివి, పదిహేనే సార్ అంది. తల్లిని కూడా లెక్కపెట్టాలి కదా అంటే, ఆవిడ తర్వాత తింటుంది కదా సార్ అని రాసింది.

మిగలవు కదా, ఏం తింటుంది అని అడిగాను. తర్వాత, నిజమే సార్ ఏం తింటుంది అని వచ్చింది.

అక్టోబర్ 11

ఆయన స్నేహితులిద్దరు భోజనానికి వచ్చారు. అయిదుగురం. అత్తయ్య నాలుగు పళ్ళేలు పెట్టారు. ఒకటి తక్కువైంది అని ఆయన అంటే, నేను తర్వాత తింటాలే అన్నారు. పెళ్ళైన కొత్తలో దీని మీద నేను పెద్ద గొడవే చేశాను. ఇప్పుడు అలవాటైపోయింది. తల్లుల లెక్కలన్నీ ఒకలాగే ఏడుస్తాయి అనుకుని పడుకున్నాను.

అక్టోబర్ 12

ఇవాళ జరిగింది రాసి తీరాలి.

క్లాసు మధ్యలో ఆవిడ, ఆగండి సార్ బెల్లు మోగింది అని టైప్ చేసింది. అదే క్షణంలో మా ఇంటి బెల్లు మోగింది. నేను నా గదిలోంచి పరిగెత్తాను. అత్తయ్య తన గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. తలుపు దగ్గర గుద్దుకోబోయాం. అత్తయ్య ముడిలో పెన్సిలు. బుగ్గ మీద సిరా. కొరియర్ అబ్బాయి ఎవరైనా సంతకం పెట్టండి మొర్రో అంటున్నాడు, మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా తలుపు గడియ మెచ్చుకుంటూ నిలబడ్డాం.

గదికొచ్చి చూస్తే మెసేజ్. వచ్చేశాను సార్.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఆవిడకి తెలిసిందా? లేదనే అనుకుంటున్నాను. తెలిస్తే సిగ్గుపడి మానేస్తుంది. తెలియనివ్వకూడదు. మార్చిలో పరీక్ష.

అక్టోబర్ 13

ఆయనకి చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

నవంబర్ 2

ఇంట్లో ఎవరినైనా అడగొచ్చు కదా అని కావాలనే కెలికాను. జవాబు గబగబా వచ్చింది. మా కోడలు లెక్కల్లో పులి సార్ అడిగితే కాదనదు కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది దాని ముందు తప్పు చేయాలంటే నాకు చిన్నతనం సార్.

పులి అన్నందుకు పొంగాలో, ముక్కు సంగతికి ఏడవాలో తెలియలేదు. కోడలు మారుతుందేమో చూడండి అని రాశాను. చూద్దాం సార్ అంది. సాయంత్రం కత్తెర ఎప్పటిలాగే ఎక్కడో పెట్టేశారు. అరవడానికి నోరు తెరిచి, మూసుకుని, వెతుక్కున్నాను. అత్తయ్య నావైపు విచిత్రంగా చూశారు.

నవంబర్ 23

అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, అత్తయ్య పదో తరగతి లెక్కల్లో తప్పారు. ఆయన కూడా నవ్వుతూ చెబుతుంటారు, మా అమ్మకి లెక్కలు రావని.

ఇవాళ అసలు కథ వచ్చింది. ఆవిడ తప్పలేదు. లోపలికే వెళ్ళలేదు. మిగతా పరీక్షలన్నీ బాగా రాసి, లెక్కల రోజు గేటు దాకా వెళ్ళి, కాళ్ళు రాక, ఎదురుగా బస్ స్టాప్‌లో కూర్చుందట. బెల్లు కొట్టారు, గేటు మూశారు, ఇంకా కూర్చునే ఉంది. అందరూ బయటికొచ్చాక వాళ్ళతో కలిసి ఇంటికి నడిచింది. ఎలా రాశావని అడిగితే కష్టంగా ఇచ్చారని చెప్పింది. అదే ఇన్నేళ్ళూ నిలబడింది. పాస్ కాకపోయినా పర్లేదు సార్ ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి కూర్చోవాలి అని రాసింది.

గోడకి అవతల ఆవిడ ముక్కు ఎగబీలుస్తున్న శబ్దం నాకు వినిపిస్తోంది. లేచి వెళ్ళి పట్టుకోవాలనిపించింది. రిబ్బన్ కట్టుకున్న ఆ పిల్లతో నాకు ఇంతకాలం పరిచయమే లేదు. ఒకే వంటింట్లో ఉన్నాం. ఆమె ఎవరో నేను ఒక్కసారీ అడగలేదు, ఆవిడ చెప్పుకోలేదు.

వెళ్ళలేదు. త్రికోణమితి మొదలుపెడదాం అని టైప్ చేశాను.

జనవరి 18

మోడల్ పేపర్‌లో ముప్పై ఎనిమిది. అత్తయ్య చారులో ఉప్పు వేయడం మర్చిపోయారు. ఆయన ఏదో అనబోతే, నోరు మూసుకుని తినండి అన్నాను. అత్తయ్య ఉలిక్కిపడ్డారు.

మార్చి 8

హాల్ టికెట్ వచ్చిందట. సెంటర్ ఏ స్కూలో కూడా సార్‌కి చెప్పింది. నా ల్యాబుకి దగ్గరే. ఇంట్లో మాత్రం పద్దెనిమిదిన కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఆలస్యమవుతుంది అన్నారు. నేను తీసుకెళ్తానంటే, ఎందుకులే, డాక్టర్ మనవాడే అన్నారు. అబద్ధాలు కూడా ఇంత చక్కగా ఆడతారా ఈవిడ!

మార్చి 18, రాత్రి

పొద్దున్న ల్యాబులో సీసాలు వరసగా పెడుతుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. సార్ గేటు ఎదురుగా బస్ స్టాప్‌లో ఉన్నాను అందరూ లోపలికి వెళ్తున్నారు నా కాళ్ళు రావట్లేదు ఆ రోజులాగే ఉంది సార్.

ధైర్యం చెబుతూ టైప్ చేశాను. చెరిపేశాను. మళ్ళీ చేశాను. నాలుగు ముక్కలు రాస్తే కదిలే కాళ్ళు కావవి. పక్క టేబుల్ ఆవిడ స్కూటర్ తాళాలు లాక్కుని పరిగెత్తాను. ఎవరికి ఏమైందని ఆవిడ వెనక నుంచి అరుస్తూనే ఉంది.

అత్తయ్య బెంచి చివర కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చేసిన లేత పచ్చ చీర. ఒళ్ళో బ్యాగు, చేతిలో రెండు పెన్నులు. నన్ను చూసి కళ్ళ డాక్టర్ ఇంకా రాలేదని మొదలుపెట్టారు.

నాకు అన్నీ తెలుసు అని చెప్పొచ్చు. దారంతా అదే అనుకుంటూ వచ్చాను. తీరా నోట్లోంచి వచ్చింది వేరు. సార్ పంపించారు అన్నాను. లోపలికి వెళ్ళమన్నారు, మొదటి లెక్క రాకపోతే దాన్ని వదిలేసి రెండోది చూడమన్నారు అన్నాను.

అత్తయ్య నన్ను చాలాసేపు చూశారు. బెల్లు కొట్టారు. సార్ ఇంకేమన్నారు అని అడిగారు. నన్ను బయటే ఉండమన్నారు, ఎక్కడికీ పోవద్దన్నారని చెప్పాను.

హాల్ టికెట్ తీసుకుని, బ్యాగు నా ఒళ్ళో పెట్టి లేచారు. రోడ్డు దాటారు. గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగారు. వెళ్ళిపోయారు లోపలికి.

పరీక్ష అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. వచ్చిన ప్రతి బస్సూ నా కోసం ఆగింది. చివరికి ఒక డ్రైవర్ విసుక్కుని, ఎక్కడికమ్మా నువ్వు వెళ్ళాల్సింది అన్నాడు. ఎక్కడికీ కాదు, మా అత్తగారు పరీక్ష రాస్తున్నారని చెప్పాను. బస్సులోవాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ మీద అత్తయ్య నా భుజం పట్టుకుని కూర్చున్నారు. వృత్తం మీద లెక్క తేలిగ్గా ఇచ్చారు అన్నారు. ఇల్లు దగ్గర పడుతుంటే, మీ ఆయన అడిగితే కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పు అన్నారు.

మే 10

పాస్. యాభై రెండు.

పక్క గదిలోంచి సార్‌కి మెసేజ్ వచ్చింది. మా కోడలికి ఈ సంగతి మీరే చెప్పండి సార్ నేను చెబితే ఇద్దరం ఏడుస్తాం.

చెబుతానని టైప్ చేశాను.