అతికించిన చోటు

సూరీ,

ఈరోజు నీ సంవత్సరీకం. కూర్మన్నపాలెంలో మీ ఇంట్లో విస్తట్లో వడ్డించినవన్నీ తిన్నాను. చెల్లెమ్మ మళ్ళీ అడిగితే ఇంకో గారె కూడా వేయించుకున్నాను. ఏడుపేమీ రాలేదు.

గాజువాకకి నేనూ అప్పలరాజూ షేర్ ఆటోలో తిరిగొచ్చాం. దార్లో డ్రైవర్ పెట్టిన పాటల్లో మన పాట వచ్చింది. ముగ్గురం స్టీలు ప్లాంటులో చేరకముందు, అరకు రైల్లో నీ టేప్ రికార్డర్ పెట్టుకుని అరిగిపోయేదాకా విన్నామే, అదే. సొరంగం వస్తే గొంతు పెంచి పాడేవాళ్ళం. ఒకసారి టేపు తెగిపోతే, ఎదుటి సీటు ఆవిణ్ణి గోళ్ళరంగు అడిగి పుచ్చుకుని నువ్వే అతికించావు. చరణంలో ఒక లైను పోయింది. ఆ తర్వాత ఏ ఊరు తిరిగినా ఆ లైను లేకుండానే పాడుకున్నాం.

ఇవాళ కూడా ఇద్దరం అలాగే పాడాం. ఆటోలో పాట ఇంకా ఆ లైను దగ్గరే ఉంది, మేం ముందుకెళ్ళిపోయాం.

"ఏటి బాబాయ్, మద్దిలో లైను మింగీసారు?" అని డ్రైవర్ నవ్వాడు.

ఆటో దిగాక అప్పలరాజు అడిగాడు. "ఆ లైను ఏటి బావ? ఇన్నావా?"

"లేదు బావ. నానూ పాడతన్నాను కదా."

టీ తాగి ఎవరిళ్ళకి వాళ్ళం వెళ్ళాం.

ఇంటికొచ్చి ఫోన్లో ఆ పాట పెట్టాను. ఆ లైను దగ్గరపడుతుంటే ఆపేశాను. అది నువ్వు అతికించిన చోటు సూరీ. విప్పబుద్ధి కాలేదు.